బరువెత్తితే చాలదు.. పుట్టిన ఏడాది నుంచి ఆఖరి ప్రయత్నం దాకా యూత్ వెయిట్‌లిఫ్టింగ్ సీజన్ అసలు లెక్క ఇదీ!

ఆమదాలవలస: స్కూళ్లు తెరుచుకున్నాయంటే ఉత్తరాంధ్రలో ఆటల సీజన్ వచ్చేసినట్టే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్ల ఎంపికలు గ్రౌండ్‌లో అందరి కళ్లముందే జరుగుతాయి. గోల గోలగా ఉంటుంది. వెయిట్‌లిఫ్టింగ్ సెలక్షన్స్ మాత్రం ఏ హాల్లోనో, ఏ జిమ్‌లోనో జరిగిపోతాయి. చూసేవాళ్లూ తక్కువే. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేరు ప్రపంచమంతా వినిపించింది మాత్రం ఈ ఆటతోనే.

ఆమదాలవలస పక్కనే ఉన్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమే. ఆ ఒలింపిక్స్‌లో దేశానికి దక్కింది కూడా ఆ ఒక్క పతకమే. 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ గేమ్స్‌లో విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి పతకం తెచ్చింది.

అప్పటి నుంచి ఇప్పటి వరకు ఇక్కడి ఇళ్లలో ఓ ఆశ అలాగే ఉంది. మా పిల్ల కూడా ఎత్తగలదా? ఎత్తితే ఎంత దూరం వెళ్తుంది?

బలం ఉంటే ఎత్తొచ్చు. కానీ యూత్ పోటీల్లో బలం ఒక్కటే చాలదు. పుట్టిన ఏడాది, ఒంటి బరువు, మొదటి ప్రయత్నానికి అడిగే బరువు.. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఏడాది కష్టం వృథా. ఈ లెక్క పిల్లలకే కాదు, అమ్మానాన్నలకూ తెలియాలి. ఆ వివరాలు ఇవీ..

సీజన్ ఎక్కడ మొదలవుతుంది?

పిల్లలకు ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. రెండూ వేర్వేరు.

మొదటిది స్కూల్ గేమ్స్ దారి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పరిధిలో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వయసు విభాగాలు ఉంటాయి. కబడ్డీ లాంటి ఆటలు మండల స్థాయిలో మొదలై జిల్లా, రాష్ట్రం, జాతీయం అంటూ మెట్లెక్కుతాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆడేవాళ్లు తక్కువ కాబట్టి చాలాచోట్ల నేరుగా జిల్లా సెలక్షన్సే పెడతారు. ఆ కబురు స్కూల్‌లో పీఈటీ మాస్టారు దగ్గరికి వస్తుంది. ఆయన చెప్పకపోయినా, పిల్లలు అడగకపోయినా ఆ ఏడాదికి అంతే సంగతులు.

రెండోది ఫెడరేషన్ దారి. జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, ఆపైన ఇండియన్ వెయిట్‌లిఫ్టింగ్ ఫెడరేషన్. ఇక్కడ విభాగాల పేర్లు యూత్, జూనియర్, సీనియర్. ఆసియా, ప్రపంచ స్థాయి యూత్ పోటీలకు వెళ్లాలంటే ఈ దారిలోనే నడవాలి.

వీటికి తోడు ఖేలో ఇండియా యూత్ గేమ్స్ ఉన్నాయి. 2018లో ఢిల్లీలో స్కూల్ గేమ్స్ పేరుతో మొదలయ్యాయి. 2019లో పుణె నుంచి యూత్ గేమ్స్ అయ్యాయి. వెయిట్‌లిఫ్టింగ్ ఎంట్రీలు ప్రధానంగా జాతీయ స్థాయి ఫలితాలను బట్టే వస్తాయి. ఖేలో ఇండియా అథ్లెట్‌గా ఎంపికైతే శిక్షణ ఖర్చుతో పాటు నెలకు 10 వేల రూపాయల చొప్పున చేతి ఖర్చుకు ఇస్తారు. కూలి పనులు చేసుకునే ఇంట్లో ఆ డబ్బు చిన్న విషయమేం కాదు. పిల్లను ఆట మాన్పించాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

పుట్టిన ఏడాదితోనే తిరకాసు

స్కూల్ గేమ్స్‌లో వయసు లెక్క వేరు, ఫెడరేషన్ పోటీల్లో వయసు లెక్క వేరు.

ఫెడరేషన్ పోటీల్లో అంతర్జాతీయ సమాఖ్య రూలే నడుస్తుంది. యూత్ అంటే 13 నుంచి 17 ఏళ్లు. జూనియర్ అంటే 15 నుంచి 20. ఇక్కడ చూసేది పుట్టిన ఏడాదినే, తేదీని కాదు. జనవరి 1న పుట్టినా, డిసెంబర్ 31న పుట్టినా ఒకటే. ఆ ఏడాదిలో 17 నిండుతున్న వాళ్లందరికీ డిసెంబర్ దాకా యూత్ విభాగంలో చోటు ఉంటుంది.

స్కూల్ గేమ్స్‌లో అండర్-17 అంటే ఆ ఏడాది చివరికి కూడా 17 నిండకూడదు. ఉదాహరణకు 2023-24 సీజన్ తీసుకుంటే, 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అండర్-17కి అర్హులు. అదే 2023లో 2006లో పుట్టిన అమ్మాయి ఫెడరేషన్ పోటీల్లో యూత్ లిఫ్టరే. స్కూల్ పోటీల్లో మాత్రం అండర్-19కి వెళ్లిపోతుంది. అక్కడ తనకంటే పెద్దవాళ్లతో తలపడాలి.

అంటే ఒకే పిల్ల ఒకే సీజన్‌లో ఒకచోట పెద్దది, ఇంకోచోట చిన్నది! ఇది ముందే తెలిస్తే ఆ ఏడాది ఏ పోటీ మీద గట్టిగా గురి పెట్టాలో తేల్చుకోవచ్చు. యూత్‌లో అదే ఆఖరి ఏడాది అయితే స్కూల్ పోటీ కంటే ఫెడరేషన్ యూత్ నేషనల్స్ మీద దృష్టి పెట్టడమే లాభం.

ఇక కాగితాల సంగతి. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, స్కూల్ రికార్డు.. మూడింట్లోనూ పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. బడిలో చేర్పించేటప్పుడు నోటికొచ్చిన తేదీ రాయించిన ఇళ్లు ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ తేడా పోటీ రోజు బయటపడితే సర్దుకునే టైం ఉండదు. అనుమానం వస్తే ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేస్తారు. కావాలని వయసు తగ్గించి చూపిస్తే నిషేధం దాకా వెళ్తుంది. మొదటి పోటీకి ముందే కాగితాలు సరిచేసుకోవడం అందుకే ముఖ్యం.

ఒంటి బరువుతో ఆటలొద్దు

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎవరితో ఎవరు పోటీ పడాలో ఒంటి బరువు చెబుతుంది. ఈ బరువు విభాగాలను అంతర్జాతీయ సమాఖ్య తరచూ మారుస్తోంది. 2018లో ఒకసారి, 2025లో మరోసారి మారాయి. అక్కయ్య ఆడిన విభాగం చెల్లెలు పోటీకి వచ్చేసరికి ఉండకపోవచ్చు. కాబట్టి ఆ సీజన్ సర్క్యులర్‌లో ఏముందో చూసుకోవాల్సిందే.

పోటీ మొదలవడానికి 2 గంటల ముందు బరువు చూడటం మొదలవుతుంది. అది గంటసేపు సాగుతుంది. ఆ గంటలోపు పరిమితిలో ఉండాలి. ఇక్కడే పిల్లలు, ఒక్కోసారి పెద్దలు కూడా పెద్ద తప్పు చేస్తారు. విభాగం పరిమితి కంటే కేజీ, రెండు కేజీలు ఎక్కువున్నారని ముందు రోజు నుంచి నీళ్లు మాన్పిస్తారు. దుప్పట్లు, స్వెట్టర్లు వేసి పరుగెత్తిస్తారు. సూది దిగుతుంది, నిజమే. కానీ బార్ దగ్గరికి వచ్చేసరికి కాళ్లలో సత్తువ ఉండదు. పైగా ఎదిగే వయసులో, అందులోనూ ఆడపిల్లలకు ఇది ఆరోగ్యానికే ముప్పు.

మరి ఏం చేయాలి? ఇంటి పక్కనే జవాబు ఉంది. మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ టైటిళ్లు గెలిచింది 54 కేజీల విభాగంలో. సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచింది 69 కేజీల విభాగంలో. ఒళ్లు పెరిగేకొద్దీ పై విభాగాలకు వెళ్లారు. పతకాలు ఆగలేదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్‌దీ అదే దారి. 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కేజీల్లో రజతం గెలిచాడు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ గేమ్స్‌కి వచ్చేసరికి 85 కేజీల విభాగంలో స్వర్ణం కొట్టాడు.

పదహారేళ్ల పిల్లను పద్నాలుగేళ్లప్పటి విభాగంలోనే కట్టిపడేస్తే ఆ ఏడాది పతకం రావొచ్చేమో. ఆట మాత్రం అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆరు ప్రయత్నాలు.. ఒకటే టోటల్

ఇక అసలు పోటీ. రెండు రకాల లిఫ్టులు ఉంటాయి. స్నాచ్‌లో బార్‌ను నేల మీద నుంచి ఒకే ఊపులో తలపైకి లేపాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి తెచ్చి, తర్వాత తలపైకి లేపాలి. ఒక్కోదానికి మూడేసి ప్రయత్నాలు. మొత్తం ఆరు. స్నాచ్‌లో లేపిన పెద్ద బరువు, క్లీన్ అండ్ జెర్క్‌లో లేపిన పెద్ద బరువు.. రెండూ కలిపితే వచ్చేదే టోటల్. ర్యాంకు దాన్ని బట్టే.

అమ్మాయిల బార్ బరువు 15 కేజీలు. అబ్బాయిలది 20. ప్లేట్లు జారకుండా రెండు వైపులా బిగించే కాలర్లు జత 5 కేజీలు. అంటే తెర మీద 50 కేజీలు అని పడితే అమ్మాయిల బార్‌కు ఒక్కో వైపు ఎక్కేది 15 కేజీలే. టీవీలో చూసేవాళ్లకు రంగులు గుర్తుంటే చాలు. పెద్ద ప్లేట్లలో ఎరుపు 25, నీలం 20, పసుపు 15, పచ్చ 10 కేజీలు.

పేరు పిలిచాక లిఫ్ట్ మొదలుపెట్టడానికి 1 నిమిషం టైం. వరసగా రెండో ప్రయత్నం కూడా తనదే అయితే 2 నిమిషాలు. ముగ్గురు రిఫరీలు ఉంటారు. కనీసం రెండు తెల్ల లైట్లు వెలిగితేనే లిఫ్ట్ లెక్కలోకి వస్తుంది. మోచెయ్యి వంగి, మళ్లీ నెట్టి నిలబెట్టినా ఎర్ర లైటే. ‘తలపైకి లేపింది కదా, ఎందుకివ్వలేదు?’ అని హాల్లో జనం గొడవపడేది ఎక్కువగా దీని గురించే.

ఇంకో ముఖ్యమైన రూల్. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గదు. తక్కువ బరువు అడిగినవాళ్లు ముందు వస్తారు. ఎక్కువ అడిగినవాళ్లు తర్వాత. ఒకసారి 48 కేజీలు అడిగి లేపలేకపోతే ‘45 ఇవ్వండి సార్’ అంటే కుదరదు. మళ్లీ 48కే రావాలి, లేదా ఇంకా పెంచాలి.

మొదటి ప్రయత్నం ఎందుకంత ముఖ్యమంటే..

ఉదాహరణకు ప్రాక్టీస్‌లో స్నాచ్ 50 కేజీలు లేపే అమ్మాయి ఉందనుకుందాం. అది కూడా పదిసార్లలో నాలుగైదు సార్లే. ఇంట్లోవాళ్లు చూడ్డానికి వచ్చారని మొదటి ప్రయత్నానికే 50 అడిగిందంటే? పోయిందనుకోండి, రెండోసారీ అదే 50. మూడోసారీ అదే. మూడూ పోతే స్నాచ్ ఖాతాలో సున్నా. క్లీన్ అండ్ జెర్క్ ఎంత బాగా చేసినా ఇక టోటల్ ఉండదు. అదే 45తో మొదలుపెట్టి 48, 50 అంటూ వెళ్తే? మూడోది పోయినా 48 చేతిలో ఉంటుంది.

మొదటి ప్రయత్నానికి జ్వరమొచ్చి లేచిన రోజు కూడా ఎత్తగలిగే బరువే అడగాలి. పిల్లలకు ఇది సిగ్గుగా అనిపిస్తుంది. పక్క జిల్లా అమ్మాయి 52తో మొదలుపెట్టింది కదా అంటారు. కానీ బోర్డు మీద చివరికి మిగిలేది టోటల్ ఒక్కటే. ఎంతతో మొదలుపెట్టారో ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మరి రిస్క్ ఎప్పుడు తీసుకోవాలి? ఆఖరి ప్రయత్నంలో. సిడ్నీలో జరిగింది సరిగ్గా అదే. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కేజీలు లేపారు. టోటల్ 240. చివరి ప్రయత్నానికి 137.5 కేజీలు అడిగారు. లేచి ఉంటే టోటల్ 247.5, అంటే స్వర్ణమే. లేవలేదు. చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్, హంగరీ లిఫ్టర్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. ఒంటి బరువు తక్కువున్న లిన్‌కు స్వర్ణం దక్కింది. మల్లీశ్వరికీ వాళ్లకీ మధ్య తేడా 2.5 కేజీలు. ఆ రోజుల్లో బార్ మీద బరువు పెంచే మెట్టు కూడా 2.5 కేజీలే. అంటే ఒక్క మెట్టు!

ఆ 137.5 అడగడం తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. ఒకటి మాత్రం ఖాయం. 130 కేజీలు అప్పటికే ఖాతాలో పడ్డాయి కాబట్టే ఆ సాహసం చేయగలిగారు. సాహసం ఫలించకపోయినా కాంస్యం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు రూల్స్ కొంచెం మారాయి. 1 కేజీ చొప్పున పెంచుకోవచ్చు. టోటల్ సమానమైతే ఒంటి బరువు చూడరు, ఆ టోటల్‌ను ముందు చేరుకున్నవాళ్లదే పైచేయి. దీంతో ఎప్పుడు ఎంత అడగాలన్న కోచ్ లెక్కకు ఇంకా విలువ పెరిగింది.

డబ్బాల విషయంలో జాగ్రత్త

2014 గ్లాస్గోలో 53 కేజీల విభాగంలో సంతోషి టోటల్ 188 కేజీలు. ఆ రోజు ఆమె మెడలో పడింది కాంస్యం. స్వర్ణం గెలిచింది నైజీరియాకు చెందిన 16 ఏళ్ల అమ్మాయి. తర్వాత డోప్ పరీక్షలో ఆమె దొరికిపోయింది. ఆమె ఒంట్లో బయటపడినవి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు. ఒంట్లో నీటి బరువు తగ్గించడానికీ, వేరే మందుల జాడ కనపడకుండా చేయడానికీ వాడతారని వీటిని నిషేధించారు. ఆమె పతకం వెనక్కి తీసుకున్నారు. సంతోషి కాంస్యం రజతంగా మారింది.

కొండవెలగాడకు అది సంతోషమే. కానీ ఆ పదహారేళ్ల పిల్ల సంగతి ఇక్కడి పిల్లలకూ పాఠమే. యూత్ స్థాయిలోనూ డోప్ పరీక్షలు జరుగుతాయి. ఎవరిచ్చారు, తెలిసి తాగారా, తెలియక తాగారా అన్నది తర్వాతి మాట. ఒంట్లో ఉన్నదానికి ముందుగా లిఫ్టరే జవాబు చెప్పుకోవాలి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ డబ్బా, బరువు తగ్గిస్తుందని చెప్పిన మాత్ర.. ఇవేవీ కోచ్‌నూ, డాక్టర్‌నూ అడగకుండా ముట్టుకోకూడదు. జలుబు, నొప్పి లాంటి వాటికి వెళ్లినా ‘ఆటల పోటీలకు వెళ్తున్నాను’ అని డాక్టర్‌కు ముందే చెప్పాలి.

సర్టిఫికెట్ల విలువ తెలుసా?

సీజన్ ముగిశాక మిగిలేది పతకం ఒక్కటే కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు వేర్వేరు ఫారాలు ఉంటాయి. అంతర్జాతీయ పోటీలకు ఫారం-1. జాతీయ పోటీలకు ఫారం-2. యూనివర్సిటీ పోటీలకు ఫారం-3. జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. ఏ పోటీలో ఆడారో దానికి తగ్గ ఫారం సంబంధిత సంస్థ దగ్గర తీసుకోవాలి. రాష్ట్రంలో అయితే ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంతో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. అందుకే పోటీ అయిన వెంటనే సర్టిఫికెట్లు చేతికి తీసుకుని, పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. నాలుగేళ్ల తర్వాత తప్పు దిద్దించుకోవడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుసు.

చదువు సంగతి కూడా మరవకూడదు. పది, ఇంటర్ పరీక్షలు మార్చిలో వస్తాయి. జాతీయ పోటీలు తరచూ చలికాలంలోనే పడతాయి. రైలు ప్రయాణాలు, క్యాంపులు కలిపితే ఒక్కో పోటీకి రెండు వారాలు ఇట్టే గడిచిపోతాయి. పోటీల తేదీలు రాగానే స్కూల్‌లో చెప్పి నోట్స్, సెలవులు మాట్లాడుకుంటే ఆఖర్లో హడావిడి ఉండదు.

చూడగానే చెప్పలేం!

ఉత్తరాంధ్రకు బరువులెత్తడం కొత్తేం కాదు. సంక్రాంతి వస్తే పల్లెల్లో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీదే శ్రీకాకుళంలో స్టేడియం ఉంది. కాకపోతే ఆ బలం కథలన్నీ మగవాళ్లవే. దాన్ని తిరగరాసింది ఊసవానిపేట ఆడపిల్ల. ఆమెకు తొలి పాఠాలు నేర్పింది కోచ్ నీలంశెట్టి అప్పన్న. మల్లీశ్వరి అక్కచెల్లెళ్లు కూడా ఇదే ఆటలో ఉన్నారు. బక్కపలచగా ఉందని మొదట్లో తనను పక్కన పెట్టారని మల్లీశ్వరి తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు.

పన్నెండేళ్ల పిల్లను చూసి ఈమె ఎత్తగలదు, ఎత్తలేదు అని తేల్చేయడం ఎవరి తరమూ కాదు. ఒక సీజన్‌తో కూడా తేలదు. మొదటి ఏడాది జిల్లాలో చివరి స్థానం వచ్చినా, ఆరు ప్రయత్నాల్లో ఐదు తెల్ల లైట్లు వెలిగితే అది మంచి ఆరంభమే. పతకం వచ్చినా నీళ్లు మాని, ఒళ్లు హూనం చేసుకుని తెచ్చుకుంటే అది నిలవదు.

ఈ సీజన్‌లో పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు ముందు చేయాల్సినవి మూడు పనులు. పుట్టిన తేదీ కాగితాలన్నింట్లో ఒకేలా ఉందో లేదో చూడటం. ఈ ఏడాది ఏ విభాగానికి అర్హత ఉందో పీఈటీ మాస్టారునో, జిల్లా సంఘాన్నో అడగటం. పోటీ రోజు మొదటి ప్రయత్నానికి ఎంత అడుగుతున్నారో కోచ్‌ను కనుక్కోవడం. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. తెలియకపోతే మాత్రం పిల్లకు ఓ ఏడాది పోతుంది. యూత్ విభాగంలో ఉండేదే ఐదేళ్లు!